జున్ను ఎందుకు అరుస్తోంది

సంక్రాంతి వెళ్లిన వారంలో మా ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డునున్న ఒక పల్లెలో, కోతలయ్యాక వేసిన గడ్డివామి అడుగున, కార్తికం చివర పుట్టిన ఆరు పిల్లల్లో అది నాలుగోది. ఒళ్లంతా జున్ను రంగు, ఎదమీద మాత్రం తెల్లమచ్చ. అందుకని జున్ను అని పేరు పెట్టుకున్నాము. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వసారా విశాలంగా ఉంటుంది కనుక, దాని కోసం ముందుగానే వడ్రంగితో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్క గూడు చేయించి, ముందువైపు ఇనుప జాలీ తలుపు పెట్టించాము. ఇల్లు సిద్ధంగా ఉంది, పిల్ల వచ్చింది, ఇక చేయవలసినది ఏమీ లేదని నేను నిజంగానే అనుకున్నాను.

మొదటి రాత్రి తొమ్మిది గంటలకు దాన్ని గూట్లో పెట్టి, గడియ వేసి, వీధి తలుపు మూసుకుని లోపలికి వచ్చేశాము. తెల్లవారుజామున మూడు దాటేదాకా అది అరుస్తూనే ఉంది. పొద్దున్నే గోడ అవతలినుంచి పక్కింటి మావుసీ, అంటే ఒడియా పిన్నిగారు, పలకరించారు: "ఛువాటా సారా రాతి కాందిలా." పిల్ల రాత్రంతా ఏడ్చిందని. ఒడియాలో ఛువా అంటే మనిషి బిడ్డ అయినా కావచ్చు, కుక్కపిల్ల అయినా కావచ్చు. మన భాషలో పిల్ల అన్న మాటా అంతే. ఈ ఊళ్లో రెండు భాషలూ వింటూ పెరిగిన నేను ఆ పోలికను అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఆవిడ "మొరిగింది" అనలేదు, "ఏడ్చింది" అన్నారు. ఆ ఒక్క మాటలో ఉన్న తేడా నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇంకో పది రోజులు పట్టింది.

మా అత్తయ్యగారి కలత మరొకటి. రాత్రివేళ ఇంటి ముంగిట కుక్క ఏడవడం అశుభమని మనవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న నమ్మకం. ఆవిడ దాన్ని పైకి గట్టిగా అనలేదు కానీ, పూజ దగ్గర కూర్చున్నప్పుడు ముఖంలో ఆ దిగులు కనబడింది. అందువల్ల రెండో రాత్రికి మా అందరిలోనూ ఒకటే తొందర, ఎలాగైనా ఈ అరుపు ఆగాలని. బడిలో నాతో పనిచేసే ఒకరు, గూటి పైకప్పు మీద కర్రతో ఒక్క దెబ్బ వేస్తే పిల్ల జడిసి ఊరుకుంటుందని చెప్పారు. నేను అదే చేశాను. అరుపు వెంటనే ఆగింది. టార్చిలైటు వేసి చూస్తే జున్ను మూలకు ఒదిగి, చెవులు వెనక్కి వేసుకుని, తడిసిన గోనెమీద వణుకుతూ ఉంది. భయంతో అక్కడే ఒంటికి పోసుకుంది. మరునాటి నుంచి రెండు రోజులపాటు ఎంత బుజ్జగించినా అది గూటి గుమ్మం దగ్గరికి కూడా రాలేదు. అరుపు మానడం అది నేర్చుకోలేదు. గూడంటే ప్రమాదమని మాత్రం నేర్చుకుంది. ఆ దెబ్బకు నేను ఈ రోజుకీ బాధపడుతున్నాను. ఇది చదివేవారిలో ఎవరికైనా అటువంటి సలహా అందితే, దయచేసి పాటించవద్దని కోరుతున్నాను.

నాలుగో రాత్రి జరిగినది చిత్రంగా ఇంతకన్నా పెద్ద చిక్కు తెచ్చింది. అర్ధరాత్రి దాటాక అత్తయ్య జాలిపడి లేచి, గిన్నెలో ఆవుపాలు పోసి, అందులో రొట్టెముక్క నానబెట్టి పెట్టారు. జున్ను తాగి పడుకుంది. ఐదో రాత్రి పెట్టలేదు, ఆరో రాత్రి మళ్లీ పెట్టారు. ఆవుపాలలోని చక్కెర చాలా కుక్కపిల్లలకు సరిగా అరగదు, వాటి విరేచనం పలచబడుతుంది. మా జున్నుకూ అలాగే అయింది. దాంతో, ఒంటరితనానికి ఏడ్చే పిల్ల ఇప్పుడు నిజంగానే బయటికి వెళ్లవలసిన అవసరం వచ్చి కూడా ఏడవసాగింది. మాకు రెండిటికీ తేడా తెలియలేదు. వారం తిరిగేసరికి మొదటి రాత్రికంటే ఎక్కువ సేపు, ఎక్కువ పట్టుదలతో అరుస్తోంది.

బి.ఎడ్. చదివే రోజుల్లో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాల గురించి పరీక్షకోసం చదివి మరచిపోయాను. మీట నొక్కిన ప్రతిసారీ గింజ దొరికిన ఎలుక, గింజలు రావడం ఆగిపోగానే కొంతసేపటికి మీటను వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే, అది కూడా ఏ సారో తెలియకుండా గింజ దొరికిన ఎలుక ఎంతో ఎక్కువ కాలం విడవకుండా నొక్కుతూనే ఉంటుంది. మేము జున్నుకు చేసినది సరిగ్గా ఈ రెండోదే. ఒక రాత్రి పాలు, ఒక రాత్రి తిట్లు, ఒక రాత్రి ఏమీ లేకపోవడం. ఎంతసేపు అరిస్తే తలుపు తెరుచుకుంటుందో దానికి తెలియదు కాబట్టి, ఎంతసేపైనా అరవడమే దానికి మంచి ఉపాయం. పిల్లలకు పాఠం చెప్పి బతికే నేను ఇంట్లో ఈ సంగతి గుర్తించడానికి వారం రోజులు పట్టింది. గుర్తించిన సాయంత్రమే అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాము. అరుస్తున్నంతసేపు తలుపు తీయకూడదు, కానీ అరవవలసిన అవసరం దానికి రానీయకూడదు. మొదటి సగం చాలామంది చెబుతారు. రెండో సగం లేకపోతే మొదటిది క్రూరత్వమే అవుతుంది.

టీకా కోసం పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు అక్కడి వైద్యుడు ఒక ప్రశ్న అడిగారు. "అరుస్తోంది అంటున్నారు. ఏ అరుపమ్మా?" నా దగ్గర జవాబు లేదు. తెలుగు చెప్పే మనిషిని అయి ఉండి నాకు జవాబు లేకపోవడం నన్ను కలచివేసింది, ఎందుకంటే మన భాషలో కుక్క గొంతుకు ఒక్క పేరు లేదు, ఎన్నో ఉన్నాయి. కుయ్యిమనడం వేరు, మూలగడం వేరు, మొరగడం వేరు, గుర్రుమనడం వేరు, ఊళ వేయడం వేరు. ఊరి ముసలివాళ్లు ఒక దానికి బదులు మరొకటి వాడరు. మేము మాత్రం అన్నిటినీ కలిపి అరుపు అనేసి, అన్నిటికీ ఒకే మందు వెతుకుతున్నాము. ఆ సాయంత్రం ఒక పాత నోటుబుక్కు తీసి గూటి పక్కన పెట్టాను. ఎన్ని గంటలకు, ఏ గొంతు, అంతకుముందు ఏం జరిగింది, ఆ తరువాత ఏం జరిగింది, ఇవే రాస్తూ వచ్చాను.

ఐదు రాత్రుల రాతలు చూస్తే చాలావరకు విషయం తేలిపోయింది. పడుకోబెట్టిన మొదటి పది నిమిషాల్లో వచ్చేది మూలుగు. అది సన్నగా, తెగుతూ తెగుతూ వచ్చి, నిద్రలోకి జారుతూ తగ్గిపోతుంది. దాని దగ్గరకు ఎవరూ వెళ్లనవసరం లేదు. వెళితే దాదాపు నిద్రపోయిన పిల్లను లేపినట్టే. గాఢనిద్రలోంచి ఉన్నట్టుండి లేచి, గూట్లో గుండ్రంగా తిరుగుతూ, జాలీని గోకుతూ కుయ్యిమంటే అది బయటికి తీసుకువెళ్లమని. రెండు నెలల పిల్ల రాత్రిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. ఆ పిలుపును పట్టించుకోకపోతే పడుకునే చోటే పాడుచేసుకుంటుంది, అది ఒకసారి అలవాటైతే గూటి శుభ్రత ఇక తిరిగి రావడం కష్టం. తలుపు వైపు ముఖం పెట్టి, తోక ఆడిస్తూ, మధ్యమధ్య ఆగి మా అడుగుల చప్పుడు వింటూ తెగించి మొరిగితే అది అడగడం. దానికి మేమే నేర్పిన విద్య అది. ఇక నడిరాత్రి వీధి చివర కుక్కలన్నీ ఊళ వేసినప్పుడు మెడ పైకెత్తి పలికే సన్నని ఊళ వాటికి ఇది ఇస్తున్న జవాబు. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు పనులు చేయాలి. ఈ సంగతి తెలియక ఏ శిక్షణ మొదలుపెట్టినా, సగంసార్లు తప్పు అరుపుకు జవాబు చెబుతాము.

అసలు పాఠం పగటిపూట జరిగింది. రాత్రి నిద్రమత్తులో, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న బెదురులో ఎవరూ ఏమీ నేర్పలేరు. ముందు గూటి తలుపును పూర్తిగా ఊడదీయించి పక్కన పెట్టాము, దెబ్బ తిన్న నమ్మకం తిరిగి రావాలి కదా. గూట్లోకి ఉడికించిన కోడిమాంసం ముక్క, చిటికెన వేలి గోరంత పరిమాణంలో, ఒకటొకటిగా వేశాను. మొదటి రోజు మెడ మాత్రమే లోపలికి చాపి అందుకుని వెనక్కి దూకేది. మూడో రోజుకి నాలుగు కాళ్లూ లోపల పెట్టింది. అప్పటినుంచి రోజుకు నాలుగుసార్లు పెట్టే తిండి అంతా గూట్లోనే, గిన్నెను లోపలి గోడ దగ్గర ఉంచి పెట్టాము. వారానికి తలుపు మళ్లీ బిగించాము. తింటుండగా మెల్లగా మూసి, తినడం అవకముందే తెరిచేశాను. తలుపు మూసుకోవడం అనేది భయపడవలసిన విషయంగా దాని బుర్రలో నమోదు కాకముందే అది తెరుచుకోవాలి. ఈ పనిలో ఉన్న నేర్పంతా ఆ కొద్దిపాటి ముందుచూపులోనే ఉంది.

ఆ తరువాతది లెక్క. తలుపు మూసి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అది నిశ్శబ్దంగా ఉంటే తెరవడం. మరునాడు పది, తరువాత ఇరవై, తరువాత లేచి నిలబడి ఇరవై, వంటింటి గుమ్మందాకా వెళ్లి తిరిగి వచ్చేదాకా. మధ్యలో మొరిగితే నేను తలుపు వైపు కదలను, దాని వైపు చూడను, మాట్లాడను. తిట్టినా అది మాటే, దానికి కావలసినది మన మాటే. ఎంత మొరిగినా ఊపిరి కోసం ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆ ఆగినచోట ఒకటి, రెండు, మూడు అనుకుని, మూడుదాకా మౌనం నిలిస్తే అప్పుడు గడియ తీసేదాన్ని. నాలుగైదు రోజులకు మూడు పదైంది, పది ముప్పై అయింది. తలుపు తెరిచేది అరుపు కాదు, మౌనం అని దానికి తోచిన క్షణాన్ని నేను కళ్లారా చూశాను. మొరుగుతూ మొరుగుతూ టక్కున ఆపి, తల ఒక పక్కకు వంచి నా చేతివైపు చూసింది. ఇంతమంది విద్యార్థులు లెక్క అర్థమైనప్పుడు నా వైపు చూసిన చూపు అదే.

ఒక్క హెచ్చరిక చెప్పాలి. అరిస్తే తలుపు తీయడం మానేసిన రెండో మూడో రోజున అరుపు తగ్గడానికి బదులు ఒక్కసారిగా పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే మనమైనా ముందు ఇంకా గట్టిగా చేసి చూస్తాము. చాలా ఇళ్లలో సరిగ్గా ఈ రోజునే ఓపిక నశించి తలుపు తీసేస్తారు, దాంతో ఇంకా గట్టిగా అరవాలన్న పాఠం పిల్లకు స్థిరపడుతుంది. మా ఇంట్లో ఆ రోజు ఆదివారం. అత్తయ్య చెవులకు పైట కప్పుకుని పెరట్లో కూర్చున్నారు కానీ, లేచి రాలేదు. ఆ రోజు ఆవిడ కూర్చుని ఉండకపోతే నేను చేసినదంతా మళ్లీ మొదటికి వచ్చేది.

రాత్రులకు మాత్రం నేను పట్టుదలను పక్కన పెట్టాను. తల్లి పొట్టకు ఆనుకుని, ఐదుగురు తోబుట్టువుల ఊపిరుల మధ్య వెచ్చగా పడుకున్న పిల్లను, జనవరి చలిలో ఒక్కరోజులో ఒంటరిగా వసారాలో పెట్టడమే మొదటి తప్పు. కుక్కపిల్లకు లోకంతో పరిచయం ఏర్పడే కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకూ ఉంటుంది. ఆ కాలంలో తెలిసిన ముఖాలు దూరమైతే అది ఎలుగెత్తి పిలవడం మొండితనం కాదు, తోవ తప్పినప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి పుట్టుకతో వచ్చిన గుణం. అందుకని గూటిని నా మంచం పక్కకు తెచ్చాను. కాశీనగరం వెళ్లి, తల్లికుక్క పడుకున్న గోనెసంచిని ఆ రైతును అడిగి తెచ్చి, ఉతకకుండా లోపల పరిచాను. నీళ్లు మరిగించి సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, పాత చీర నాలుగు మడతలు చుట్టి ఒక పక్కన పెట్టాను. ఆ రాత్రి అది మొత్తం మీద ఏడు నిమిషాలు మూలిగింది. జాలీలోంచి రెండు వేళ్లు లోపలికి పెట్టి ఉంచాను, వాటిమీద ముక్కు ఆనించి పడుకుంది.

తిండి, నీళ్ల వేళలు కూడా మార్చాము. చివరి తిండి ఏడు గంటలకు, నీళ్ల గిన్నె తీసేది ఎనిమిదిన్నరకు, పడుకునే ముందు పెరట్లోకి వెళ్లేది పదిన్నరకు. తెల్లవారుజామున రెండు గంటలకు అది లేవకముందే నేను అలారం పెట్టుకుని లేచి, ఎత్తుకుని బయటికి తీసుకువెళ్లి, మాట్లాడకుండా, లైటు వేయకుండా, పని అయ్యాక తిరిగి తెచ్చి పడుకోబెట్టాను. అది పిలిచాక మనం లేస్తే పిలుపుకు ఫలితం దొరికినట్టు, పిలవకముందే లేస్తే అటువంటి ముడి పడదు. నెల తిరిగేసరికి ఆ అలారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరిపి నాలుగున్నరకు తెచ్చాను. గూటిని కూడా రోజుకు ఒక అడుగు చొప్పున మంచం నుంచి హాలు గుమ్మం వైపు జరుపుతూ వచ్చాను. ఒక రాత్రి జరిపినది ఎక్కువైందనిపిస్తే మరునాడు అర అడుగు వెనక్కి తెచ్చేదాన్ని.

బయటి చప్పుళ్ల విషయం వేరు. మా ఇంటికి నౌపడా–గుణుపురం రైలుమార్గం దగ్గర. ఈ మార్గం పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి ఇక్కడిదాకా వేయించిన చిన్న గేజి బండి కాలం నుంచి ఉన్నది. ఇప్పుడు పెద్ద గేజి అయి, కూత పెద్దదైంది. ఆ కూత వినబడగానే జున్ను గూట్లో లేచి మొరిగేది. కూత వినబడిన ప్రతిసారీ, అది మొరిగినా మొరగకపోయినా, ఒక కోడిమాంసం ముక్క వేస్తూ వచ్చాము. రెండు వారాలకు కూత వినగానే గుమ్మం వైపు చూడడం మాని నా చేతివైపు చూడడం మొదలుపెట్టింది. ఇంకా అన్ని టీకాలు పడలేదు కనుక వీధిలో నేలమీద దించలేదు. పార్వో అనే కుక్కల జబ్బు తెచ్చే వైరస్, జబ్బుపడిన కుక్క మలం తగిలిన నేలలోనే నెలల తరబడి బతికి ఉంటుంది. కానీ చంకలో పెట్టుకుని స్టేషనుకు, కూరల బజారుకు తీసుకువెళ్లాము. ఆ వయసులో చూడని లోకాన్ని చూసి తరువాత మొరుగుతుంది కాబట్టి, ఇది గూటి పాఠంలో భాగమే.

వీధి కుక్కల ఊళకు ఒక మాట నేర్పాము. ముందు ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట వాడేవాళ్లం. మావారు "నోర్ముయ్" అనేవారు, నేను "వద్దు" అనేదాన్ని, మావుసీ గోడ అవతలినుంచి "చుప్" అనేవారు. చివరికి అందరికీ "చాలు" అని ఖాయం చేసుకున్నాము. గట్టిగా కాదు, మామూలు గొంతుతో ఒక్కసారి. ఆగితే ముక్క. ఆగకపోతే రెండోసారి అనకుండా, గూటికి వీధివైపు పాత నేత చీర కప్పి, గాలి ఆడేందుకు మరో రెండు పక్కలు వదిలేసేదాన్ని. మొరగడాన్ని పూర్తిగా మాన్పించాలని మాకు లేదు. అపరిచితులు గేటు తీస్తే రెండు సార్లు మొరిగి చెప్పడం దాని హక్కని నా అభిప్రాయం. మూడోదానికి మాత్రమే "చాలు".

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. గూడు నిద్రకు, విశ్రాంతికి, మనం కనిపెట్టి ఉండలేని కొద్దిసేపటికి మాత్రమే. రోజుకు పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోయే వయసులో అది సులువే. కానీ నేను పది గంటలకు బడికి వెళ్లి నాలుగుకు వస్తాను. ఆ ఆరు గంటలూ గడియ వేసి ఉంచితే ఏ పిల్లైనా అరుస్తుంది, అరవాలి కూడా. పగలు ఎప్పుడూ రెండు గంటలకు మించి తలుపు మూయకుండా అత్తయ్య చూసుకున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ఎప్పుడూ కట్టేసి గాని ఇరుకైన చోట మూసి గాని ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని నేరంగా చెబుతుంది. ఆ వాక్యం చదివినప్పటినుంచి, మా వీధిలో పగలంతా గొలుసుకు కట్టేసి ఉండి అరిచే ఒక పెద్ద కుక్క గొంతు వినబడినప్పుడల్లా నాకు ఆ కుక్కమీద విసుగు రావడం మానేసింది.

ఇప్పుడు ఏప్రిల్ ఉక్క. జున్నుకు ఐదు నెలలు. గూడు మళ్లీ వసారాలోకి వచ్చింది, ఈసారి అదే కోరుకున్నట్టుంది. రాత్రి పదిన్నరకు తానే వెళ్లి పడుకుంటుంది, గడియ వేయడం మానేసి వారం అవుతోంది. నిన్న పొద్దున కాఫీ తాగుతూ అత్తయ్య అన్నారు:

"అమ్మాయ్, రాత్రి జున్ను గొంతు వినబడింది."

"మొరిగిందా అత్తయ్యా?"

"లేదమ్మా. కుయ్యిమనలేదు కూడా. మూలిగింది అంతే. అటు తిరిగి పడుకుంది, నేను లేవలేదు."